ఆల్టో కారు, గేరు సైకిలు, మైసూరు దారి

ప్రశ్న: మాది కడప. ఆల్టో 800 కారు ఉంది. మా పాపకు మైసూరులో పీజీ సీటు వచ్చింది. ఆగస్టులో తీసుకెళ్లి హాస్టల్లో దిగబెట్టి రావాలి. పాపకు వాళ్ల జేజినాయన కొనిచ్చిన గేరు సైకిలు ఒకటుంది. అది లేకుండా కదలనంటోంది. కారులో నేను, నా భార్య, పాప వెళ్దామనుకున్నాం. ఇప్పుడు మా అమ్మ కూడా 'నేనూ మైసూరు చూస్తా' అని తయారైంది. రెండు సూట్‌కేసులు, పరుపు, బకెట్టు ఎలాగూ ఉన్నాయి. టాప్ మీద వేసి తాళ్లతో గట్టిగా కడితే పోయేదానికి ఇంత ఆలోచన ఎందుకంటాడు మా బామ్మర్ది. ఆన్‌లైన్‌లో డిక్కీకి తగిలించే స్టాండు చూశాను కానీ ఆల్టోకు సరిపోతుందో లేదో అర్థం కాలేదు. దారిలో పోలీసులు ఆపుతారేమోనని ఒక టెన్షన్, సైకిలు ఊడి పడుతుందేమోనని ఇంకో టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, కడప

సమాధానం: ముందు మీ బామ్మర్ది సలహా సంగతి తేల్చేద్దాం. బయల్దేరే రోజు పొద్దున హడావుడిలో చివరికి నెగ్గేది అలాంటి సలహానే. ఆల్టో టాప్ మీద తాళ్లతో సైకిలు కట్టొద్దు.

పాత అంబాసిడర్‌కు, ప్రీమియర్ పద్మినికి టాప్ అంచు వెంబడి వాన నీళ్లు జారే గాడి ఉండేది. క్యారియర్ కాళ్లు ఆ గాడిని పట్టుకుని బిగుసుకునేవి. మంచాలు, మూటలు, పెళ్లి సామాను అంతా దాని మీదనే ఊళ్లు దాటేది. మీ బామ్మర్ది మనసులో ఉన్న కారు బహుశా అదే. ఆల్టోకు ఆ గాడి లేదు, పట్టాలూ లేవు. ఉన్నదల్లా పల్చటి రేకు. దాని మీద సైకిలు పడుకోబెడితే పెడలు, హ్యాండిల్ చివర ఆనిన చోటల్లా సొట్టలు పడతాయి. తాడుకు వేరే ఆధారం లేక తలుపుల్లోంచి తిప్పి కడతారు. అప్పుడు తలుపు రబ్బరు సరిగ్గా మూసుకోదు. మీరు పోయేది ఆగస్టు వానల్లో. తాడు తడిసి, దాని వెంబడే నీళ్లు లోపలికి కారి, కిటికీ పక్కన కూర్చున్న మీ అమ్మగారి భుజం మీద పడతాయి.

అంతకన్నా పెద్ద సంగతి గాలి. బండి వేగం రెట్టింపైతే సైకిలు మీద గాలి తోపు నాలుగింతలవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో చింతకొమ్మదిన్నె దాకా పోయి 'చూశావా, ఇసుమంతైనా కదల్లేదు' అనుకున్న సైకిలే, 80కి వచ్చేసరికి నాలుగు రెట్ల బలంతో తాళ్లను లాగుతుంది. నైలాన్ తాడు బరువు పడితే సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. లోపల కూర్చున్న మీకు టాప్ కనబడదు. ఊడిన సంగతి మీకన్నా ముందు వెనక వచ్చే బైకు మనిషికి తెలుస్తుంది.

రబ్బరు కప్పులతో టాప్‌కు అతుక్కునే స్టాండ్లు కూడా అమ్ముతున్నారు. అద్దంలా శుభ్రంగా ఉన్న రేకు మీద అవి బాగానే పట్టుకుంటాయి. మన రోడ్ల దుమ్ములో, ఎండా వానా మారుతున్న రోజున, దాదాపు 400 కిలోమీటర్ల దూరానికి వాటిని నమ్మమని నేను చెప్పలేను. ఇంకొకటి: టాప్ మీద సైకిలు నిలబెడితే మొత్తం ఎత్తు రెండున్నర మీటర్ల చుట్టుపక్కలకు పోతుంది. రోజంతా డ్రైవ్ చేసి అలసిపోయి, సైకిలు సంగతి మరిచి, లాడ్జి సెల్లార్ పార్కింగ్‌లోకి దూరేవాళ్లు ఉంటారు. అప్పుడు సైకిలూ పోతుంది, టాపూ పోతుంది.

ఇక అసలు లెక్కకు వద్దాం. మీరు సైకిలు ఎలా కట్టాలని అడిగారు. నేను మనుషుల లెక్క అడుగుతాను. ఆల్టో 800లో వెనక సీటు వీపు ఒకటే ముక్క. సగం మడిచి సగం ఉంచుకోవడం కుదరదు. మడిస్తే వెనక ఎవరూ కూర్చోలేరు, మడవకపోతే సైకిలు లోపల పట్టదు. డిక్కీ చూస్తే 177 లీటర్లు. పెద్ద సూట్‌కేసు ఒకటి పెట్టాక రెండోదాన్ని ఒళ్లో పెట్టుకోవాల్సిందే. నలుగురు పెద్దవాళ్లు, రెండు సూట్‌కేసులు, పరుపు, బకెట్టు అంటే సైకిలు లేకుండానే మీ కారు నిండిపోయింది. అందుకని ఎవరెవరు వెళ్తున్నారన్నది ఇంట్లో ముందు తేల్చుకోండి. సైకిలు ఎలా పోవాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

నలుగురూ వెళ్లేటట్టైతే సైకిలును ఈ ప్రయాణంలో కలపొద్దు. దసరా దాకా ఆగండి. మైసూరు దసరా చూపిస్తే మీ అమ్మగారికి కూడా ఊరు చూసినట్టు ఉంటుంది అంటారా, అప్పుడు లెక్క తిరగేయండి: ఆగస్టులో అమ్మగారిని ఒప్పించి ఇంట్లో ఉంచి, దసరాకు తీసుకెళ్లండి. ఈ మాట ఎవరు చెప్పాలో మీ ఇంట్లో మీకే తెలుసు. హాస్టల్లో సైకిలు పెట్టుకోనిస్తారా, గోడ లోపల చోటుందా, పైన రేకుల కప్పు ఉందా అన్నది కూడా ఈలోపు పాప కనుక్కుంటుంది. అది కనుక్కోకుండా మోసుకెళ్లి, వార్డెన్ కుదరదంటే మళ్లీ వెనక్కి మోసుకొచ్చే పరిస్థితి రాకూడదు. మైసూరులో 2017లోనే ట్రిన్ ట్రిన్ అని అద్దె సైకిళ్ల పథకం మొదలుపెట్టారు. సైకిలు తొక్కే అలవాటున్న ఊరే అది. మొదటి నెలల్లో సైకిలు లేకపోతే రోజు గడవదని పాప అంటే అంత నమ్మకండి.

మీరూ పాపా ఇద్దరే కారులో వెళ్లి, మీ ఆవిడ బస్సులో వచ్చేటట్టైతే అన్నిటికన్నా మేలు. సైకిలు కారు లోపల పోతుంది. వాన తగలదు, గాలి తగలదు, పోలీసు చూడడు, టీ తాగడానికి ఆగినా ఎవడైనా పట్టుకుపోతాడన్న భయం లేదు. చిన్న కారులో సైకిలు లోపల పట్టదని చాలామంది అనుకుంటారు, చక్రాలు విప్పడం వాళ్లకు తోచదు కాబట్టి.

గేరు సైకిలు పొడవు ఒకటిన్నర మీటరు దాటి, 170 నుంచి 180 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ముందు చక్రం విప్పితే 145 చుట్టుపక్కలకు వస్తుంది. రెండు చక్రాలూ విప్పితే మిగిలేది ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మాత్రమే. అది ఏ కారులోనైనా పడుతుంది. ముందు రోజు సాయంత్రం సీటు మడిచి, డిక్కీ అంచు నుంచి ముందు సీటు వీపు దాకా ఒక తాడుతో కొలవండి. అదే తాడు సైకిలు పక్కన పెట్టి చూడండి. ఒక చక్రం విప్పితే చాలా, రెండూ విప్పాలా అన్నది అక్కడే తేలిపోతుంది. డ్రైవరు సీటు మీరు కూర్చునే చోటికి జరిపి కొలవండి, ముందుకు తోసి కాదు.

విప్పడం సైకిలు షాపులో పది నిమిషాల పని. అయినా పాపకు నేర్పించండి, అక్కడ పంక్చరైతే తనకే పనికొస్తుంది. ముందు చక్రానికి పానా లేకుండా చేత్తో తెరిచే లీవరు (క్విక్ రిలీజ్) ఉంటే దాన్ని తెరిచి, రెండో వైపు నట్టు కొంచెం వదులు చేస్తే చక్రం జారి వస్తుంది. నట్లుంటే చాలా సైకిళ్లకు 15 నంబరు పానా సరిపోతుంది. డిస్క్ బ్రేకు సైకిలైతే చక్రం తీయగానే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క దూర్చండి. ఆయిల్ డిస్క్ బ్రేకుల్లో చక్రం లేనప్పుడు బ్రేకు లీవరు పొరపాటున నొక్కుకుంటే ప్యాడ్లు రెండూ దగ్గరకొచ్చి అతుక్కుపోతాయి. మైసూరులో చక్రం పెట్టబోతే డిస్కు దూరదు. ఆ అట్టముక్క పెట్టక మెకానిక్ దగ్గరికి పోయినవాళ్లు ఎక్కువే.

వెనక చక్రం విప్పాలంటే ముందుగా గేరును అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రం మీదికి తెండి, చైను వదులై చక్రం తేలిగ్గా వస్తుంది. వెనక చక్రం విప్పే పని లేకపోతే దానికి తిరగబడి చేయండి: అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రం మీద పెట్టండి. అప్పుడు వెనక వేలాడే గేరు మెకానిజం లోపలికి ఒదిగి ఉంటుంది. సైకిల్లో తొందరగా వంగేది, వంగితే మళ్లీ సరిగ్గా కుదరనిది అదే. అందుకే చైను ఉన్న వైపు పైకి వచ్చేటట్టు పడుకోబెట్టాలి. పరుపు ఎలాగూ తీసుకెళ్తున్నారు కదా, దాని మీద పాత దుప్పటి పరిచి సైకిలు పెట్టండి. చైను ఆయిలు అంటితే పరుపు మీద మచ్చ పోదు, దుప్పటి మరిచిపోవద్దు.

పెడళ్లు అడ్డొస్తే విప్పొచ్చు. కానీ ఎడమ పెడల్ మరలు ఎదురు తిరుగుడు. మామూలుగా వదులు చేసే వైపు బలంగా తిప్పితే ఇంకా బిగుసుకుపోయి మర పాడవుతుంది. గుర్తుంచుకోవడం తేలిక. పానా పైకి నిలబడినట్టు పెట్టి, రెండు పెడళ్లనూ వెనక చక్రం వైపు తిప్పితే ఊడతాయి. సీటు పైపును దింపే ముందు ఇప్పుడున్న ఎత్తు దగ్గర కొంచెం టేపు చుట్టండి, మళ్లీ పెట్టేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

లోపల పెట్టినంత మాత్రాన పనైపోదు. 15 కిలోల ఇనుము మీ వీపు వెనక ఉంది. ఎదురుగా గేదె వచ్చిందని గట్టిగా బ్రేకు వేస్తే ఆ ఇనుము ఆగదు. మడిచిన సీటు మీదుగా వెనక సీటు బెల్టును ఫ్రేములోంచి దూర్చి తాళంలో బిగించండి. ఇంకో బెల్టో, గట్టి తాడో ముందు సీటు కింది కమ్మీకి కట్టండి. విప్పిన చక్రాలు ఫ్రేము మీద, డిస్కు ఉన్న వైపు పైకి పెట్టి, మధ్యలో తువ్వాలు వేసి, వాటినీ కట్టేయండి. టైర్లలో గాలి కొంచెం దించితే మంచిది. అద్దాలెత్తిన కారు ఎండలో నిలబడితే లోపల వేడికి గాలి పెరుగుతుంది. ఆగస్టులోనూ కడప మధ్యాహ్నం ఎండ తక్కువ తినదు.

ఇక మీరు అనుకున్నట్టే ముగ్గురు. అమ్మగారు ఆగారు, మీ ఆవిడ కారులోనే వస్తారు. అప్పుడు మీరు చూసిన డిక్కీ స్టాండు పనికొస్తుంది. ఆల్టోకు పెట్టొచ్చు. కానీ అమ్మే పేజీలో బొమ్మలు చూపించని సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది వెడల్పు. ఆల్టో వెడల్పు 149 సెంటీమీటర్లు. సైకిలు 175 అనుకుందాం. కారు వెనక అడ్డంగా తగిలిస్తే రెండు వైపులా తలా 13 సెంటీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. ఇన్నోవా వెనక సైకిలు పెట్టిన వీడియోలో అది కనబడదు, ఆ కారు వెడల్పే వేరు. రాయచోటి బజారులో ఆటో మీ పక్కనుంచి దూరితే మొదట తగిలేది సైకిలు చక్రమే. చట్టం కూడా ఇక్కడే పట్టుకుంటుంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలోని 194(1ఏ) ప్రకారం, బండి పక్కల నుంచి కానీ, ముందుకు, వెనక్కి, ఎత్తుకు అనుమతించిన హద్దు దాటి కానీ సామాను బయటికి వస్తే జరిమానా 20,000 రూపాయలు. పైగా సామాను దించడానికయ్యే ఖర్చు మీదే. సైకిలు ఖరీదే అంత ఉండకపోవచ్చు. విరుగుడు తేలికే: ముందు చక్రం విప్పండి. 145కు వచ్చిన సైకిలు కారు వెడల్పులో ఒదిగిపోతుంది. నడిమధ్యలో తగిలించాలి, ఒక పక్కకు జరగకూడదు. హ్యాండిల్‌ను కదలకుండా ఫ్రేముకు కట్టండి. విప్పిన చక్రం లోపల, మీ ఆవిడ కాళ్ల దగ్గరో పక్కనో. ఆమెకు ముందే చెప్పి పెట్టండి.

రెండోది నంబరు ప్లేటు, లైట్లు. స్టాండు కొక్కేలు వీలైనంత పైకి పెట్టి, సైకిలు అద్దం ఎత్తులో ఉండేలా చూసుకోవాలి. తగిలించాక పాపను పది అడుగులు వెనక్కి పంపి, మీరు బ్రేకు నొక్కండి, రెండు ఇండికేటర్లూ వేయండి, రాత్రి లైట్లు వేయండి. నంబరు అంతా చదవగలుగుతోందా, ఎర్ర లైట్లు రెండూ పూర్తిగా కనబడుతున్నాయా అడగండి. టోల్ దగ్గరా, చెక్‌పోస్టు దగ్గరా మిమ్మల్ని ఆపడానికి కారణం ఉంటే అదే. ప్లేటు సగం మూసుకుపోయి, అట్ట మీద నంబరు రాసి సైకిలుకు వేలాడదీయడం కుదరదు. అది హై సెక్యూరిటీ ప్లేటు, కారుకు ఉన్నదే కనబడాలి.

సైకిలు లేడీస్ ఫ్రేమా, మామూలు ఫ్రేమా మీరు రాయలేదు. స్టాండు చేతులు పట్టుకునేది సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే పై గొట్టాన్ని. లేడీస్ ఫ్రేములో ఆ గొట్టం ఉండదు, లేదా బాగా కిందికి వాలి ఉంటుంది. అలాంటప్పుడు సైకిలు వంకరగా వేలాడి చక్రం కిందికి దిగుతుంది. దిగితే రెండు ప్రమాదాలు: ప్లేటు మూసుకోవడం ఒకటి, సైలెన్సర్ పొగ నేరుగా టైరుకు తగలడం రెండోది. గంటల తరబడి వేడి తగిలితే రబ్బరు కరుగుతుంది. పై గొట్టం బదులుగా సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య తగిలించే అడ్డ కమ్మీ విడిగా దొరుకుతుంది, అది కూడా కొనాలి.

కట్టేటప్పుడు కొక్కేలు రేకు అంచుకే పడాలి. అద్దం అంచుకు, ప్లాస్టిక్ స్పాయిలర్‌కు వద్దే వద్దు. స్టాండు మెత్తలు ఆనే చోట ముందుగా తడిగుడ్డతో తుడవండి. మెత్త కింద దుమ్ము ఉండిపోతే రోజంతా కదులుతూ పెయింటును గీకేస్తుంది. బెల్టులు చేత్తో లాగి బిగిస్తే చాలు. లారీలకు వాడే టకటకమని బిగించే బెల్టు వాడితే డిక్కీ తలుపు రేకే వంగుతుంది. బిగించగా మిగిలిన బెల్టు కొసలు మడిచి ముడేయండి. లేకపోతే దారి పొడుగునా అవి రేకును కొడుతూనే ఉంటాయి. అన్నీ అయ్యాక సైకిలు గొలుసు తాళాన్ని ఫ్రేములోంచి, స్టాండులోంచి తిప్పి వేయండి. దొంగకు అడ్డం, ఒకవేళ బెల్టు తెగినా సైకిలు రోడ్డు మీద పడకుండా వేలాడుతుంది.

వాన వస్తుందని సైకిలు మొత్తానికి టార్పాలిన్ చుట్టేవాళ్లున్నారు. అది తెరచాపలా గాలి పట్టి స్టాండునే పీకుతుంది. సీటుకు, హ్యాండిల్ గేరు లీవర్లకు పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే సరిపోతుంది. మిగతాది తడిసినా తుడుచుకోవచ్చు. చైనుకు మాత్రం అక్కడికి వెళ్లాక ఆయిలు వేయండి.

స్టాండు తగిలించాక డిక్కీ తెరవడం కుదరదు. ఇది చాలామందికి దారిలో కానీ తట్టదు. మంచినీళ్లు, అన్నం క్యారియరు, గొడుగు, మందులు లోపలే పెట్టుకోవాలి. ఇంకో చిక్కు స్టెప్నీ. ఆల్టోలో అది డిక్కీ అడుగున ఉంటుంది. మధ్యదారిలో పంక్చరైతే సైకిలు దింపి, స్టాండు విప్పి, సూట్‌కేసులు రోడ్డు పక్కన పేర్చితే తప్ప అది చేతికి రాదు. అందుకని బయల్దేరే ముందు రోజు నాలుగు టైర్లూ, స్టెప్నీ చూపించండి. అరిగిన టైరుంటే ఈ ప్రయాణానికి ముందే మార్చండి. కారు లోపల సైకిలు పెట్టినా ఇదే గొడవ. జాకీ, పానా మాత్రం ముందు సీటు కింద పెట్టుకోండి.

మీ దారి సంగతి. గువ్వలచెరువు ఘాట్, రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరు, అక్కడి నుంచి మైసూరు. బెల్టులు ఎంత బిగించినా మొదటి పాతిక, ముప్ఫై కిలోమీటర్లలో కొంచెం సర్దుకుని వదులవుతాయి. ఘాట్ ఎక్కే ముందు ఒకసారి దిగి చూడండి. ఆ మలుపుల్లో లారీల వెనక పాకుతూ పోయేటప్పుడు సైకిలు పక్కలకు ఊగుతుంది. గువ్వలచెరువులో కోవాకు ఎలాగూ ఆగుతారు. మీ ఆవిడా పాపా కోవా తీసుకునేలోపు మీరు ఇంకోసారి ప్రతి బెల్టూ లాగి చూడండి. అక్కడ గట్టిగా ఉంటే ఆ తర్వాత ఆగినప్పుడల్లా ఒక చూపు చాలు. ఊళ్ల దగ్గర రంగు వెలిసిన స్పీడ్ బ్రేకర్లే ఎక్కువ ఇబ్బంది. మీకు చిన్న కుదుపు అనిపించినది వెనక వేలాడే సైకిలుకు పెద్ద ఎగురుడు. మదనపల్లె వైపు టమోటా బండ్లు గుంపులుగా పోతుంటాయి. వాటిని దాటే తొందర వద్దు.

బెంగళూరు నుంచి మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద 2023 ఆగస్టు 1 నుంచి బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు, మోటారు లేని బండ్లను ప్రధాన రోడ్డు మీదికి రానివ్వడం లేదు. సైకిలు తొక్కుతూ పోతే పక్కరోడ్డుకు పంపేస్తారు, కారు వెనక తగిలించుకుని పోతే ఎవరూ ఏమీ అనరు. అక్కడ కార్లకు 100 దాకా పోవచ్చు. మీరు 80 దాటకండి. రోడ్డు నున్నగా ఉందని కాలు బరువెక్కేది అక్కడే.

కారులో ఏదీ కుదరకపోతే పార్సిల్ ఉంది. రైల్వే పార్సిల్ ఆఫీసులో సైకిలు బుక్ చేసుకుంటారు, బస్సు కార్గోలూ ప్రైవేటు ట్రాన్స్‌పోర్టులూ తీసుకుంటాయి. దారిలో బండి మారాల్సి వస్తే సైకిలును ఎవరు ఎలా విసురుతారో మన చేతిలో ఉండదు. కాబట్టి విడి సైకిలుగా ఇవ్వకండి. గేరు సైకిళ్లమ్మే షాపులకు కొత్తవి అట్టపెట్టెల్లో సగం విప్పి వస్తాయి. ఖాళీ పెట్టె ఒకటి ముందే చెప్పి ఉంచమంటే ఇస్తారు. ఫోర్కు కాళ్ల మధ్య చిన్న కట్టెముక్క అడ్డం పెట్టి, గేరు మెకానిజానికి గుడ్డ చుట్టి పెట్టెలో వేయండి. పెడళ్ల ఇరుసు కింద, ఫ్రేము అడుగున చెక్కిన నంబరు ఉంటుంది. దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. పార్సిల్‌లో పోయినా, హాస్టల్లో పోయినా ఫిర్యాదులో రాయడానికి అదొక్కటే ఆధారం.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే సైకిలును దసరాకు, కారు లోపల పెట్టి తీసుకెళ్తాను. ఆగస్టులోనే కావాలని పాప పట్టుబడితే, ముగ్గురితో డిక్కీ స్టాండు. స్టాండు కొన్నాక ఒక ఆదివారం సైకిలు తగిలించి కడప నుంచి గువ్వలచెరువు దాకా పోయి రండి. ఏది వదులవుతుందో, ఏది రేకుకు తగులుతుందో ఆ ఒక్క ఘాట్‌లో తెలిసిపోతుంది. నచ్చకపోతే వాపసు ఇచ్చే గడువు లోపలే వాపసు ఇచ్చేయొచ్చు.

మైసూరులో దింపాక చక్రం బిగించి, సైకిలు ముందు భాగం పైకెత్తి తిప్పి చూడండి. ఎక్కడా గీసుకోకుండా తిరగాలి. డిస్కు దగ్గర గరగరమంటే చక్రం సరిగ్గా కూర్చోలేదని అర్థం, వదులు చేసి సైకిలును నేల మీద నిలబెట్టి మళ్లీ బిగించండి. అట్టముక్క తీశారా చూసుకోండి. రెండు బ్రేకులూ పట్టి, ముందుకు నెట్టి, కదలకపోతేనే పాపను ఎక్కనివ్వండి.